మధ్యలో ఒక ‘జి’

లా చదువుదామనుకునే పిల్లలు ఇప్పటికీ నా దగ్గరికి వస్తుంటారు. ఫలానా ప్లీడరుగారిని అడగండి, పాతకాలం మనిషి, ఉన్నదున్నట్టు చెబుతాడు అని ఎవరో ఒకరు పంపిస్తారు. ఉన్నదున్నట్టు చెబుతాడన్న పేరు నాకెలా వచ్చిందో దేవుడికే తెలియాలి. విజయవాడ బెంజ్ సర్కిల్ దాటితే చాలు, ఎటు చూసినా బోర్డులే. మూడేళ్ళ లా, ఐదేళ్ళ లా, ఇంట్లో కూర్చుని లా. పిల్లలు ఆ కాగితాలన్నీ తెచ్చి నా బల్ల మీద పరిచి, ఇందులో ఏది చేస్తే మంచిదండీ అని అడుగుతారు. నేను నీళ్ళు నములుతాను. కళ్ళజోడు తీసి తుడుచుకుంటాను. ఆ డిగ్రీతో కోర్టులో నిలబడనిస్తారో లేదో మీరే బార్ కౌన్సిల్‌కి ఉత్తరం రాసి కనుక్కోండి, జవాబు కాగితం మీద వచ్చేదాకా ఎవరి మాటా నమ్మకండి, నా మాటా నమ్మకండి అని పంపేస్తాను. ముసలాయనకి చాదస్తం అనుకుంటూ మెట్లు దిగుతారు. అనుకోనివ్వండి.

సలహా చెప్పడమంటే నాకు భయం. ఇది వినయం కాదు, నిజంగానే భయం. డెబ్బైల్లో నేను ఒక మనిషికి ఒక్కటంటే ఒక్క సలహా చెప్పాను. అదీ లా చదువు గురించే. అడిగినవాడు నా ప్రాణస్నేహితుడు. దాంతో వాడి బతుకు ఏమైందో ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు. నా బతుకు మటుకు బాగానే ఉంది, బయటినుంచి చూసేవాళ్ళకి.

మాది చల్లపల్లి పక్కన పల్లెటూరు. నాన్న మిషన్ స్కూల్లో టీచరు. ఆదివారం చర్చిలో నాచేత వాక్యం చదివించేవాళ్ళు. ఈ గొంతు కోర్టులో పనికొస్తుందండీ అని పాస్టరుగారు ఒకసారి అన్నారట. ఆ ఒక్క మాట పట్టుకుని నన్ను ప్లీడర్ని చెయ్యాలని నాన్న తీర్మానించేశాడు. నా చదువుకి అంతకు మించిన కారణమేమీ లేదు. లా అంటే నాకు ఇష్టమో కాదో ఎవరూ అడగలేదు, నన్ను నేనూ ప్రశ్నించుకోలేదు.

మా వైపు కోర్టు మొహం చూడని ఇల్లు ఉండేది కాదు. జమీందారీ ఎస్టేటు పోయింది గానీ తగాదాలు పోలేదు. గట్టు తగాదా, లంక తగాదా, మురుగుకాలవ తగాదా. అందుకని ప్లీడర్లను గురించి అందరికీ ఒక అంచనా ఉండేది, ఆ అంచనా చుక్కలతో కట్టేవాళ్ళు. నవ్వకండి, నిజమే చెబుతున్నాను. ప్లీడరు ఇంటిముందు బోర్డు మీద పేరు పక్కన ఇంగ్లీషులో బి.ఏ., బి.ఎల్. అని ఉంటుంది గదా. ఒక్కో అక్షరానికి ఒక్కో చుక్క. చదువురాని రైతు అక్షరాలు చదవలేడు గానీ చుక్కలు లెక్కపెట్టగలడు. బీఏ బీఎల్ అంటే నాలుగు చుక్కల ప్లీడరు. అంతకుముందు బడిపంతులుగా చేసి బీఈడీ కూడా తగిలించుకున్న ఒకాయన ఆరు చుక్కల ప్లీడరు. ఆయన వాదనలో పస లేదని కోర్టు బంట్రోతుకి కూడా తెలుసు. అయినా దివి తాలూకా బస్సు దిగినవాళ్ళు తిన్నగా ఆయన గుమ్మంలోకే వెళ్ళేవాళ్ళు. అంత చదువుకున్న మా నాన్న కూడా నేను లా కాలేజీలో చేరిన రోజున, నీకు మొత్తం ఎన్ని చుక్కలొస్తాయిరా అనే అడిగాడు.

నా స్నేహితుడిది విజయవాడ వన్‌టౌన్. ముస్లిం కుటుంబం. వాళ్ళ నాన్న ప్లీడర్ల నల్లకోట్లు కుట్టే దర్జీ. గవర్నరుపేటలో ఒక వరండాలో మిషను వేసుకుని కూర్చునేవాడు. కోర్టులో సగంమంది భుజాల కొలతలు ఆయనకి నోటికి వచ్చు. బీఏ మూడేళ్ళూ నేనూ మావాడూ ఒకే బెంచీ. మా ఇంట్లోవాళ్ళ తర్వాత నన్ను ఏరా అని పిలిచేవాడు వాడొక్కడే. బీఏ అయ్యాక నేను గుంటూరు లా కాలేజీలో బీఎల్‌లో చేరాను. ప్రత్యేక రాష్ట్రం ఆందోళనతో మూతపడ్డ కాలేజీలు అప్పుడే మళ్ళీ తెరుచుకున్న రోజులు. వాడికి ఆ వీలు లేదు. వెనకాల అమ్మా నాన్నా, చదువుకుంటున్న ఇద్దరు చెల్లెళ్ళు. పరీక్ష రాసి విజయవాడ కోర్టులో కాపీయిస్టుగా చేరాడు. అంటే తీర్పులకీ డిక్రీలకీ నకళ్ళు రాసే ఉద్యోగం.

నేను పొద్దున్నే పాసింజరు బండిలో కృష్ణ దాటి గుంటూరు వెళ్ళొచ్చేవాణ్ణి. వాడు పొద్దుటినుంచి ఎవరో రాసిన తీర్పులు ఎత్తిరాసేవాడు. సాయంత్రం ఇద్దరం బందరు కాలవ గట్టున కూర్చునేవాళ్ళం. మా ఇద్దరిలో లా ఎవరికి వచ్చో అక్కడ తేలిపోయేది. నేను క్లాసులో విన్నది చెప్పబోతే వాడు మధ్యలోనే అందుకునేవాడు. ప్రతివాది రాకుండానే ఇచ్చేసిన ఎక్స్‌పార్టీ డిక్రీ కొట్టేయించాలంటే ఆర్డరు తొమ్మిది రూలు పదమూడు, సరే, కానీ సమన్లు అందలేదని దేంతో రుజువు చేస్తావు, మొన్న ఈ పాయింటు మీదే ఒక పిటిషను పోయింది అని మొదలుపెట్టేవాడు. అన్ని పేజీలు ఎత్తిరాసినవాడు మరి. ఏ దావా ఏ పేజీ దగ్గర తల్లకిందులైందో వాడి కంటికి కనిపించేది. ఒకసారి ఒక పెద్ద ప్లీడరు దావాలో సర్వే నంబరు తప్పుపడితే నకలు రాస్తూ వాడే పట్టుకున్నాడు. వెళ్ళి మర్యాదగా చెబితే, నీ పని రాయడం, చదవడం కాదు అన్నాడట ఆయన. ఆ సంగతి నాకు నవ్వుతూనే చెప్పాడు గానీ చాలా రోజులు మనసులో పెట్టుకున్నాడు.

వాడికి ఉన్నది ఒకటే కోరిక. వాళ్ళ నాన్న కుట్టిన కోటు వేసుకుని, తను నకళ్ళు రాసే ఆ కోర్టులోనే, జడ్జిగారి ముందు లేచి నిలబడి మాట్లాడాలి. పెద్ద పేరు రావాలనీ మేడలు కట్టాలనీ ఎప్పుడూ అనలేదు. నిలబడి మాట్లాడాలి, అంతే. కానీ ఉద్యోగం మానేసి మూడేళ్ళు గుంటూరు తిరగడం వాడివల్ల అయ్యే పని కాదు. అలాంటప్పుడు ఏదో ఆఫీసులో హెడ్‌క్లర్కు ఒకాయన బీజీఎల్ అనే చదువుందని చెప్పాడు. రెండేళ్ళు. కాలేజీకి వెళ్ళక్కర్లేదు. ఉద్యోగం చేసుకుంటూ ప్రైవేటుగా పరీక్షలు రాసుకోవచ్చు. మావాడు ఆ దరఖాస్తు ఫారం తెప్పించుకుని, మడతపెట్టి చొక్కాజేబులో పెట్టుకుని కాలవగట్టుకి వచ్చాడు.

“ఒరేయ్, నువ్వు లా కాలేజీలో ఉన్నావు గదా. ఈ బీజీఎల్ చదివితే ప్లీడరు అవ్వచ్చంటావా?” అని అడిగాడు.

నాకు తెలియదు. ఆ పేరు వినడం నేను అదే మొదలు. తెలియదురా, రేపు కాలేజీలో కనుక్కుని చెబుతాను అంటే సరిపోయేది. ఆ ఒక్క వాక్యం నా నోట రాలేదు. అప్పటిదాకా ఆ గట్టు మీద రోజూ నాకు పాఠం చెబుతున్నవాడు వాడు. వాడికి తెలియనిది ఒకటి నన్నడగడం అదే మొదటిసారి. కాలేజీకి వెళ్ళేవాణ్ణి నేను, వాడి ముందు తెలియదని ఎలా అంటాను అనిపించింది. పైగా నేను చుక్కలు లెక్కపెట్టే మనుషుల మధ్య పెరిగినవాణ్ణి.

“ఎందుకవ్వకూడదు? మాది ఉత్త బీఎల్, నీది బీజీఎల్. జి అంటే జనరల్. అన్ని లాలూ అందులోనే ఉంటాయి. నాకంటే నీకే ఒక చుక్క ఎక్కువరా,” అన్నాను.

వాడు పకపకా నవ్వి ఫారం అక్కడే మోకాలి మీద పెట్టుకుని నింపాడు. మర్నాడు పోస్టులో వేశాడు.

తర్వాత రెండేళ్ళు వాడు చదివిన చదువు నేను చదివి ఉంటే ఈపాటికి జడ్జీనయ్యేవాణ్ణి. నా పుస్తకాలే తీసుకెళ్ళేవాడు. నేను పేజీలు కూడా విప్పని పుస్తకాల్లో పెన్సిలు గీతలు పెట్టి తిరిగి ఇచ్చేవాడు. పరీక్షల ముందు నేను ఆ గీతలున్నంత మేరా చదువుకుని గట్టెక్కేవాణ్ణి. వాడి మొదటి ఏడాది మార్కులు చూసి నాకు సంతోషమూ వేసింది, లోపల ఎక్కడో కొంచెం గుచ్చుకున్నట్టూ ఉంది. నాకన్నా ఒక ఏడాది ముందే చదువు పూర్తిచేస్తాడు, నాకన్నా ముందు కోటు వేసుకుంటాడు. ఈ మాట రాయడానికి సిగ్గుగా ఉంది. అయినా రాస్తున్నాను.

నాకు సంగతి తెలిసింది రెండో ఏడాది చివర్లో. ప్లీడర్ల వృత్తిధర్మం గురించి పాఠం చెప్పడానికి ప్రాక్టీసులో ఉన్న ప్లీడరు ఒకాయన వచ్చేవాడు. ఎవరు ప్లీడరుగా నమోదు కావచ్చు, ఎవరు కాకూడదు అన్నది చెబుతూ, రెండేళ్ళ బీజీఎల్ ఆఫీసుల్లో ప్రమోషన్లకి పనికొచ్చే డిగ్రీ తప్ప దాంతో కోర్టులో నిలబడటానికి లేదన్నాడు. ప్రైవేటుగా చదివిన ఆ రెండేళ్ళూ లెక్కలోకి రావు, ప్లీడరు కావాలంటే కాలేజీకి వచ్చి మళ్ళీ మొదటినుంచి మూడేళ్ళు చదవాల్సిందే అన్నాడు. ఆయనకి క్లాసుని నవ్వించే సరదా ఉంది. మధ్యలో ఆ జి ఏంటో తెలుసా, జి అంటే గుమాస్తా అన్నాడు. క్లాసంతా గొల్లుమంది. నేను కూడా నవ్వాను. నవ్వుతుండగానే మోకాలి మీద ఫారం పెట్టుకుని నింపినవాడు గుర్తొచ్చాడు.

ఆ రోజు తిరుగుబండిలో కృష్ణ దాటేలోపల, దిగగానే చెప్పేయాలని పదిసార్లు అనుకున్నాను. స్టేషను నుంచి తిన్నగా కోర్టుకి వెళ్ళాను కూడా. వాడు సెలవు పెట్టి ఇంట్లో చదువుకుంటున్నాడన్నారు. చివరి పరీక్షలు ఇంకో నెలలో ఉన్నాయి. ఇప్పుడు చెబితే పరీక్షే మానేస్తాడేమో, రాయనిద్దాం, డిగ్రీ ఉండటం వల్ల నష్టం లేదు గదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ఒకరోజు ఆలస్యం చేసినవాడికి రెండోరోజు ఇంకా కష్టం. రెండో రోజు చెప్పని మాట నెల గడిచాక చెబితే, ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదన్న ప్రశ్న కూడా తోడవుతుంది. పరీక్షలయ్యాయి. ఫలితాలొచ్చాయి. వాడు మంచి మార్కులతో పాసయ్యాడు.

రంజాన్ నాడు నన్ను ఇంటికి పిలిచారు. ఆ రోజు ఎలాగైనా చెప్పి తీరాలని గట్టిగా నిశ్చయించుకుని వెళ్ళాను. వన్‌టౌన్‌లో ఆ సందు, ఆ రెండు గదులు నాకు కొత్తవి కావు. వాళ్ళమ్మ గిన్నెలో సేమ్యా పాయసం పెట్టి, తిను బేటా అని నా ముందే కూర్చుంది. చెల్లెళ్ళిద్దరూ కొత్త బట్టల్లో తలుపు దగ్గర నిలబడి అన్న వైపూ నా వైపూ చూసి నవ్వుకుంటున్నారు. వాళ్ళ నాన్న పెట్టె మీదినుంచి నల్లబట్ట తీసి చూపించాడు. ఇన్నేళ్ళూ ఊళ్ళోవాళ్ళ బట్టకి కత్తెర వేశాను బాబూ, ఇది మాత్రం నేను కొన్న బట్ట అన్నాడు. వచ్చే ఏడాది నీ కోటు కూడా నేనే కుడతాను, నువ్వే గదా వాడికి దారి చూపించింది అన్నాడు. పండగపూట ఈ ఇంట్లో ఎలా చెబుతాను అనుకున్నాను. చూడండి, చెప్పకపోవడానికి నాకు ఎప్పుడూ ఏదో ఒక మంచి కారణం దొరికేది.

ఇంటికి వచ్చాక ఇంకో ఆలోచన చేశాను. ఎలాగూ వాడు ప్లీడరుగా నమోదు చెయ్యమని హైదరాబాదుకి దరఖాస్తు పెడతాడు. బార్ కౌన్సిల్ వాళ్ళే కుదరదని రాస్తారు. అప్పుడు నేను చెప్పే పని తప్పుతుంది. ఉద్యోగం ఎలాగూ ఉంది గదా, కొన్నాళ్ళు బాధపడి మళ్ళీ నకళ్ళు రాసుకుంటాడు. ఇలా అనుకుని ఆ రోజు హాయిగా పడుకున్నాను. లా విద్యార్థిని, ఆ దరఖాస్తులో ఏముంటుందో ఒకసారి చదవాలని కూడా తోచలేదు.

దరఖాస్తులో ఏముందంటే, నేను ఏ ఉద్యోగంలోనూ లేను అని సంతకం పెట్టాలి. ఉద్యోగస్తుణ్ణి ప్లీడరుగా నమోదు చెయ్యరు. నాకు లేని బుద్ధి వాడికి ఉంది, ప్రతి గడీ చదివాడు. అబద్ధం రాయడం ఇష్టంలేక ముందు రాజీనామా ఇచ్చాడు. బందరు జిల్లా కోర్టు నుంచి అది మంజూరై వచ్చాకే దరఖాస్తు మీద సంతకం పెట్టాడు. ఇదంతా నాకు తెలియదు. నేను అప్పుడు క్రిస్మస్‌కి మా ఊళ్ళో ఉన్నాను. కొత్త సంవత్సరం వచ్చాక తిరిగొస్తే వాడు కోర్టు వరండాలో కనపడలేదు. ఇంటికి వెళ్తే చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు. రాజీనామా సంగతి వాడు మామూలుగా చెప్పాడు. అప్పుడు చెప్పినా లాభం లేదు, అందుకని అప్పుడూ చెప్పలేదు.

జవాబు పెద్దగా ఆలస్యం కాలేదు. గవర్నరుపేటలో నేను ఉంటున్న గదికి ఒక మధ్యాహ్నం వాడే ఆ కవరు తీసుకుని వచ్చాడు. కంగారుగా లేడు. ఎవరో గుమాస్తా పొరపాటు చేశాడని వాడి నమ్మకం. మంచం మీద నా పక్కన కూర్చుని, అచ్చువేసిన ఆ ఇంగ్లీషు కాగితం మీద వేలు పెట్టి చూపించాడు. మీ డిగ్రీ నమోదుకు అర్హమైనది కాదు అని ఒక్క వాక్యం ఉంది. వీళ్ళు బీజీఎల్‌ని ఇంకేదో అనుకున్నట్టున్నారు, మన కాలేజీ నుంచి ఎవరిచేతనైనా ఒక ఉత్తరం రాయిస్తావా అన్నాడు. నేను కాగితం వైపే చూస్తూ కూర్చున్నాను. ఎంతసేపటికీ తల ఎత్తకపోయేసరికి వాడికి అర్థమైంది. కాగితం నా చేతిలోంచి మెల్లగా తీసుకున్నాడు.

“నీకు ముందే తెలుసా?” అన్నాడు.

“తెలియదురా,” అన్నాను.

మొదటిసారి తెలియకుండానే తెలుసన్నాను. ఈసారి తెలిసే తెలియదన్నాను. ఆ రెండు మాటల మధ్య వాడి జీవితం పోయింది. వాడు కాగితం మడతపెట్టుకుని, నువ్వు మటుకు ఏం చేస్తావులే, మనిద్దరిదీ ఒకటే తెలివి అని లేచాడు. పోట్లాడి ఉంటే నాకు బాగుండేది. చొక్కా పట్టుకుని గోడకేసి కొట్టి ఉంటే ఇంకా బాగుండేది. మెట్ల దాకా వెళ్ళి, నాన్నకి నేనే చెబుతాను, నువ్వు రావద్దులే అన్నాడు.

ఉద్యోగం మళ్ళీ ఇమ్మని బందరు వెళ్ళి అర్జీ పెట్టుకున్నాడు. ఆ ఖాళీలోకి అప్పటికే ఇంకొకర్ని తీసుకున్నారు. మళ్ళీ ఎప్పుడైనా ఖాళీలు పడితే అందరిలాగే పరీక్ష రాసుకోమన్నారు. రూలు ప్రకారం వాళ్ళు చెప్పింది సరైనదేనని వాడే నాతో వాదించాడు. మళ్ళీ మొదటినుంచి మూడేళ్ళ బీఎల్ చదువుతావా అని నేను నోరు తెరిచి అడగలేకపోయాను. ఉన్న జీతం పోగొట్టుకున్నవాణ్ణి, ఇద్దరు చెల్లెళ్ళ ఫీజులు కట్టాల్సినవాణ్ణి ఏ మొహంతో అడుగుతాను. వాళ్ళ నాన్న ఆ కోటు పూర్తిచేసి మిషను వెనక కొక్కేనికి తగిలించాడు. ఆ ఏడాదే నేను బీఎల్ పాసైతే, నాకు కొలతలు తీసుకోకుండా ఆ కోటే భుజాల దగ్గర కొంచెం లోపలికి కుట్టి ఇచ్చాడు. బట్ట పాడైపోతుంది బాబూ, ఎవరో ఒకరు వేసుకోవాలి గదా అన్నాడు. వద్దనలేకపోయాను. ఆ కోటుతోనే హైదరాబాదు వెళ్ళి ప్రమాణం చేసి వచ్చాను.

ఇంతా చేసి నాకు దొరికింది ఏమిటో కూడా చెప్పాలి, ఎందుకంటే పిల్లలు దాన్ని గురించీ అడుగుతుంటారు. కొత్త ప్లీడరంటే ఏమీ లేదు. ఒక సీనియరుగారి వెనకాల ఫైలు పట్టుకుని నడవడం, ఆయన రాని కేసుల్లో లేచి వాయిదా అడగడం. రెండేళ్ళు నేను కోర్టులో మాట్లాడింది, సీనియరుగారు వేరే కోర్టులో ఉన్నారండీ, ఒక వాయిదా ఇప్పించండి అన్న ముక్క మటుకే. నాతోపాటు నమోదైన వాళ్ళలో ఒకడు బ్యాంకు పరీక్ష రాసుకుని వెళ్ళిపోయాడు, ఇంకొకడు ఊరికి పోయి వ్యవసాయం చూసుకున్నాడు. నేను వెళ్ళలేదు. లా మీద ప్రేమతో కాదు. వాడికి దక్కని ఈ కోటు నేనూ తీసి పక్కనపెడితే వాడి ముందు తల ఎత్తడానికి ఉన్న ఆ ఒక్క సాకు కూడా పోతుంది.

సీనియరుగారి పాత గుమాస్తా మానేసినప్పుడు, ఆ స్థలంలోకి మావాడి పేరు చెప్పింది నేనే. మేలు చేస్తున్నాననుకున్నాను. వాడు కాదనలేదు. కోర్టు పని అయితే చాలన్నాడు. వచ్చిన నెలలోనే ఆఫీసు రూపురేఖలు మారిపోయాయి. దావాలు వాడే రాసేవాడు. సీనియరుగారు చదివి సంతకం పెట్టేవారు. తర్వాత నేను విడిగా బోర్డు కట్టుకుంటే నాతో వచ్చేశాడు. అప్పటినుంచి వాడు రాసినదాని కింద నా సంతకం. నేను లేచి మాట్లాడుతుంటే వాడు హాలు చివర గోడ దగ్గర నిలబడేవాడు. జడ్జిగారు ఏదైనా అడిగి నేను తడబడితే, కాగితం ముక్క మీద రూలు నంబరు రాసి బెంచీల మీదుగా అందించేవాడు. నేను దాన్ని పైకి చదివేవాణ్ణి. బాగా ప్రిపేరై వచ్చారండీ అని ఒక జడ్జిగారు నన్ను మెచ్చుకున్నప్పుడు ఆ కాగితం ముక్క ఇంకా నా పిడికిట్లోనే ఉంది.

కక్షిదారుల ముందు వాడు నన్ను ప్లీడరుగారూ అనేవాడు. అది ఆఫీసు మర్యాద, అనాల్సిందే. అందరూ వెళ్ళాక మళ్ళీ ఏరా, పోదామా అనేవాడు. ఆ ఒక్క పిలుపు ఉన్నంతకాలం నాకు కొంత ధైర్యంగా ఉండేది. అది కూడా ఎలా పోయిందో చెబుతాను. నాతో గుంటూరులో చదివిన ప్లీడరు ఒకడు ఒకరోజు కోర్టు క్యాంటీన్లో టీ తాగుతూ పాత కబుర్లు ఎత్తుకున్నాడు. మావాడు ఏదో ఫైలు మీద నా సంతకం కోసం వచ్చి పక్కనే నిలబడ్డాడు. రెండో ఏడాదిలో ఆ వృత్తిధర్మం పాఠం ఆయన చెప్పాడు గుర్తుందా, బీజీఎల్‌లో జి అంటే గుమాస్తా అని, నువ్వు ఎంత నవ్వావో ఆ రోజు అన్నాడు ఆ ప్లీడరు, ఎవరు పక్కన ఉన్నారో తెలియక. నేను సంతకం పెట్టాను. మావాడు ఫైలు తీసుకుని, సిరా ఆరిందో లేదో ఊదుకుని వెళ్ళిపోయాడు. మొహంలో ఏమీ లేదు. నాకు ముందే తెలుసని బయటపెట్టే ఆ మాట విన్నాడో లేదో నాకు తెలియదు. గోలగా ఉండే చోటు అది.

ఆ సాయంత్రం తలుపులు వేసుకుని వెళ్ళేటప్పుడు, వస్తానండీ అన్నాడు.

మర్నాడు సరిచేసుకుంటాడనుకున్నాను. సరిచేసుకోలేదు. ఎవరూ లేనప్పుడు కూడా అండీయే. పగలంతా అని అని అదే నోటికి వచ్చిందేమో, ఆఫీసు మర్యాద అలవాటైపోయిందేమో అని మొదట్లో నాకు నేను చెప్పుకున్నాను. చెప్పుకోవడంలో నాకు అనుభవం ఉంది గదా. ఒరేయ్ అని నేను పిలిస్తే పలికేవాడు, పని చేసేవాడు, ఇంట్లోవాళ్ళ యోగక్షేమాలు అడిగేవాడు. ఏదీ తగ్గలేదు. ఆ పిలుపు మాత్రం మళ్ళీ రాలేదు. కొన్నాళ్ళకి నాకూ వాణ్ణి ఒరేయ్ అనడానికి నోరు రాలేదు.

డెబ్బైలు అయిపోవస్తున్నాయనగా గన్నవరం నుంచి ఒక తండ్రీ కూతురూ నా ఆఫీసుకి వచ్చారు. ఆ అమ్మాయి బీఏ పాసైంది, లా చదవాలనుంది. గుంటూరు పంపడం తండ్రికి ఇష్టంలేదు. ఇంట్లో ఉండి ప్రైవేటుగా చదివే డిగ్రీ ఒకటి ఉందట గదండీ, అది చేయిస్తే సరిపోతుందా అని ఆయన అడిగాడు. నేను కళ్ళజోడు తీసి తుడుచుకోసాగాను. మావాడు తలుపు పక్క బల్ల దగ్గర కూర్చుని ఏదో వకాల్తా రాసుకుంటున్నాడు. నేను తుడవడం ఎంతకీ ఆపకపోయేసరికి ఆ తండ్రి అటు తిరిగి, పోనీ మీరు చెప్పండి గుమాస్తాగారూ, మీరూ కోర్టులో ఉన్నవారే గదా అన్నాడు.

వాడు పెన్ను మూతపెట్టాడు. నా వైపు చూడలేదు. ఆ అమ్మాయి వైపు చూశాడు.

“ప్లీడరుగారినే అడగమ్మా. ఆయన ఎలా చెబితే అలా చెయ్యి. నాకూ ఆయనే చెప్పారు,” అన్నాడు.

గొంతులో వెటకారం లేదు. కోపం కూడా లేదు. పెద్దవాళ్ళు చిన్నవాళ్ళకి మంచిమాట చెప్పినట్టే చెప్పి, మళ్ళీ పెన్ను మూత తీసుకుని రాసుకోసాగాడు. ఆ అమ్మాయి నా వైపు తిరిగి కూర్చుంది. నేనేం చెప్పానో, వాళ్ళు ఎప్పుడు వెళ్ళారో నాకు గుర్తులేదు. వాళ్ళు వెళ్ళాక గదిలో మేమిద్దరమే మిగిలాం. క్యాంటీన్లో ఆ మాట విన్నావా అని అప్పుడే అడిగేయొచ్చు. అడిగితే వాడు నిజమే చెప్పేవాడు. అందుకే అడగలేదు. వాడు కన్నుమూసేదాకా అడగలేదు.